ఒకటికి నలభై మూడు

మూర్ మార్కెట్లో అరవై రూపాయలకి కొన్న
ఎర్ర ఫైరింజను.
నిచ్చెన విరిచాను. గంట పెరికాను.
బ్రేకాయిల్లో ఒక రాత్రి నానబెడితే
తెల్లారేసరికి ఎరుపంతా
పాత గోళ్ళరంగులా పెచ్చులు లేచింది.
మంటలార్పే బండి ఇక దాహం తీర్చాలి.
రెండూ నీళ్ళ కొలువే,
బదిలీ, అంతే.

స్కేలు ఒకటికి నలభై మూడు.
ఆ లెక్కన నేనీ బల్ల మీదికి దిగితే
నిలబెట్టిన అగ్గిపెట్టెకి
నా తల ముప్పాతిక దాకా వస్తుంది.

ట్యాంకుకి రెండంగుళాల పీవీసీ గొట్టం.
మరిగే నీళ్ళలో ముంచి, రెండు పీటల మధ్య అదిమితే
కోడిగుడ్డు వాటం వచ్చింది.
వంటింటి పీటలవి.
మా వదిన రెండ్రోజులు మాట్లాడలేదు.
సైలెన్సరు, పెన్ను రీఫిలు.
ఇరుసు, గొడుగు పుల్ల.
నీళ్ళు దిగే పైపుకి ఇంజక్షను సూది.
బీపీ మాత్రల రేకుని తిరగేసి
ఎండిపోయిన పెన్ను ములుకుతో పొడుస్తూ పోతే
అవతలి పక్క వరసగా రివెట్లు మొలుస్తాయి.
నూటపద్దెనిమిది పొడిచాను.
డెబ్బయ్యోదాని దగ్గర కరెంటు పోయింది
ఎడమ వరస అందుకే కాస్త వంకర.

అక్టోబరు చివర పెరంబూరులో
రంగు కొట్టకూడదు. తెలుసు. కొట్టాను.
గాల్లో చెమ్మకి నీలం మీద తెల్లగా మబ్బు పట్టేసింది.
కరువు బండిని వాన చెడగొట్టింది.
ఎవరికి చెప్పుకోను?
నీటి కాగితంతో గీకి మళ్ళీ మొదలెట్టాను.

చూడ్డానికి ఎతిరాజులు గారొచ్చారు
పంతొమ్మిదేళ్ళు తణ్ణి లారీ తోలిన మనిషి.
కళ్ళజోడు నుదుటి మీదే ఉంచుకుని
బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.
మెచ్చుకోలేదు.
"తలుపుకి సొట్టేదమ్మా?
మూలకడై మలుపులో ఆటో గుద్దిందే, అదీ."
స్క్రూడ్రైవరు పిడితో అక్కడికక్కడే సొట్ట పెట్టాను.
అప్పుడాయన వంగి
బండి కిందికి చూశారు. చాలాసేపు.
"కారట్లేదే" అన్నారు.
"కారని తణ్ణి లారీ ఎక్కడైనా ఉందా?"

ఆ రాత్రి సిరంజితో నీళ్ళు నింపాను.
సూది కొసన ఒక చుక్క ఊరింది, బరువెక్కింది,
వేలాడింది.
పక్కన వరసగా పెట్టిన బిందెలున్నాయి
(ఆకుపచ్చవి, నారింజవి, బియ్యపు గింజకన్నా కాస్త పెద్దవి).
వాటి ముందు ఆ చుక్క
కొబ్బరిబోండమంత.
ఇనుము తగ్గింది, రబ్బరు తగ్గింది,
డ్రైవరు సీటు మీది తుండుగుడ్డ కూడా మారాం చెయ్యకుండా తగ్గింది.
నీళ్ళు మాత్రం తగ్గనన్నాయి.
లెక్క వేశాను, నిద్ర పట్టక.
ఆరు చుక్కలకి ఒక బిందె నిండిపోతుంది.

ఆరు చుక్కలు.
ఆ ఎండాకాలం తెల్లారగట్ట మూడింటికి
టోకెన్లు పిడికిట్లో చెమటకి మెత్తబడిపోతుంటే
వీధి చివర హారను కోసం చెవులు రిక్కించి
మేమంతా నిలబడ్డది
ఎన్ని చుక్కల కోసమో.

నీళ్ళు పారబోశాను.
అట్ట మీద ఉప్పుకాగితం అంటించి రోడ్డు చేశాను,
చక్రాల వెనక సన్నగా, వంకరటింకరగా
మెరిసే వార్నీషు గీశాను.
చుక్క లేదు,
చుక్కలు పడుతూ పోయిన దారి ఉంది.

ఆదివారం ఎతిరాజులు గారు మళ్ళీ వచ్చి
ఆ తడిని బొటనవేలితో ముట్టి
అలవాటుగా చొక్కాకి తుడుచుకున్నారు.
అది ఇంకా ఆరలేదు.
నడిరోడ్డు మీద వేలిముద్ర
ఆ స్కేల్లో చూస్తే మూడడుగుల గుంట.
నేను గుడ్డా, టర్పెంటైనూ అందుకోబోయాను.

"ఉండనీ" అన్నారు.
కళ్ళజోడు ఇప్పుడు కిందికి దించుకుని
"మూలకడైలో సరిగ్గా అక్కడే ఉండేది."